రెండు జాబితాలు, ఒక ఖాళీ బెడ్

రెండు జాబితాలు ఇచ్చి, కలిపి ఒకటి చేయండి, ఎవరి పేరూ రెండుసార్లు రాకూడదు అంటే ఇవాళ్టి పిల్లలు ఒక్క లైన్లో రాసేస్తారు. ఏఎస్ రావు నగర్‌లో కోచింగ్ సెంటర్ల ముందు బ్యాగులు తగిలించుకుని నిలబడ్డవాళ్ళలో ఎవరినడిగినా చెప్తారు. ఇంటర్వ్యూల్లోనూ ఇదే అడుగుతారు. జవాబు చెప్పినవాళ్ళకు ఉద్యోగం వస్తుంది. ఉద్యోగం వచ్చాక అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని నీకెవరు చెప్పారు?

ఈ ప్రశ్నతోనే నా ఉద్యోగమంతా గడిచింది. నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. కింద అట్టపెట్టెల కార్ఖానా, పైన మేము. మధ్యాహ్నం కింద మిషన్లు నడిస్తే మా బల్లల మీద టీ గ్లాసులు వణికేవి. పెద్ద కంపెనీలు ముట్టని పనులు మాకు వచ్చేవి. స్కూళ్ళు, చిన్న దవాఖానలు, అపార్ట్‌మెంటు సంఘాలు, లైబ్రరీలు. రెండు బ్రాంచీలు ఒకటైనప్పుడల్లా, పాత సాఫ్ట్‌వేర్ తీసి కొత్తది పెట్టినప్పుడల్లా రెండు జాబితాలు నా దగ్గరికి వచ్చి పడేవి.

ప్రమోషన్ల గురించి రాయడానికి ఏమీ లేదు. మా దగ్గర ప్రమోషన్ అంటే కిటికీ పక్క సీటు. ఆ సీటు నాకు వచ్చింది, ఎండ పడుతోందని వదిలేశాను. రాయదగ్గది నేను చేసిన పని. అది మంచి పని అని, నేను బాగా చేశానని ఇప్పుడు నిస్సంకోచంగా చెప్పగలను.

డెస్కులో నేర్చుకున్నది

కంప్యూటర్ల కంటే ముందు నేను ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. ఉప్పల్ జోన్ పేజీ నింపే డెస్కు మాది. ఉప్పల్‌కు ఒక విలేకరి, నాచారానికి ఒక విలేకరి. ఇద్దరి హద్దులు ఎక్కడ కలుస్తాయో వాళ్ళకే తెలియదు. అందుకని ఒకే ధర్నా, ఒకే ప్రమాదం, ఒకే ప్రారంభోత్సవం ఇద్దరి దగ్గర్నుంచీ వచ్చేవి. వాళ్ళు రాసి పంపిన ఆ రెండు కాపీలను కలిపి ఒక వార్త చేయడం డెస్కులో కొత్తగా చేరినవాళ్ళ పని. అంటే నా పని.

ఒకరోజు సాయంత్రం రెండు అగ్నిప్రమాదాల కాపీలు వచ్చాయి. ఒకరు పెయింట్ గోదాము అన్నారు, ఇంకొకరు ప్లాస్టిక్ గోదాము అన్నారు. రెండూ మల్లాపూర్ వైపే. రెండూ ఆ మధ్యాహ్నమే. పెయింట్ డబ్బాలు ప్లాస్టిక్‌వే కదా, ఒకటే గోదామును ఇద్దరు రెండు రకాలుగా చూశారని అనుకున్నాను. బాగా రాసినదాన్ని తీసుకుని రెండోది పక్కన పెట్టాను. మా ఇన్‌చార్జి జనార్దన్ సార్ అటుగా వెళ్తూ ఆగారు.

"ఏందమ్మా, ఒకటి పక్కకు వెట్టినవ్?"

"రెండూ ఒకటే వార్త సార్."

"ఒకటే అని ఎవరు చెప్పిన్రు?"

"చూస్తే తెలుస్తుంది గద సార్."

"చూస్తే తెలిసేదుంటే నీకు, నాకు జీతాలెందుకు? ఫోన్ కొట్టు."

ఫోన్ కొట్టాను. రెండు వేర్వేరు గోదాములు. ఒక మంట ఆర్పి వస్తున్న ఫైరింజన్ అటునుంచి అటే రెండోదానికి వెళ్ళింది. రెండోదాంట్లో కాపలా ఉండే కుటుంబానికి కట్టుబట్టలు తప్ప ఏమీ మిగల్లేదు. నేను పక్కన పెట్టింది ఆ కాపీనే. మర్నాడు పేజీలో రెండూ వచ్చాయి.

ఆ సాయంత్రం సార్ ఒక మాట అన్నారు. "ఒక వార్త రెండుసార్లు వడితే చదివెటోడు నవ్వుకుంటడు. పడాల్సింది పడకపోతే ఆ ఇంటోళ్ళ గురించి అడిగే దిక్కుండదు." తరువాత నేను కంప్యూటర్ సెక్షన్‌కు మారాను, అక్కణ్ణుంచి ప్రోగ్రామింగ్‌కు వచ్చాను. చాలా పుస్తకాలు చదివాను. ఈ మాటంత పనికొచ్చిన పాఠం ఇంకొకటి దొరకలేదు.

డయాలసిస్ సెంటర్ల పని

అన్ని పనుల్లోకీ ఒకటి మాత్రం వివరంగా చెప్తాను.

ఒక ట్రస్టుకు రెండు డయాలసిస్ సెంటర్లు ఉండేవి. ఉప్పల్‌లో ఒకటి, నాచారంలో ఒకటి. కిడ్నీలు పనిచేయనివాళ్ళకు మిషన్ మీద రక్తం శుద్ధి చేసే చోటు. రెండూ విడివిడిగా మొదలయ్యాయి, విడివిడిగా నడిచాయి. ఒక్కో సెంటర్‌లో రెండు జాబితాలు. వంతు ఉన్నవాళ్ళది ఒకటి, వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళది ఒకటి. వంతు అంటే వారంలో తన రోజులు, తన వేళ, తన బెడ్. అది దొరికితే జబ్బుతోనే అయినా బతుకు ఒక పద్ధతిలో పడుతుంది. దొరకనివాళ్ళు రెండు బస్సులు మారి నగరం మధ్యలో పెద్ద దవాఖానకు వెళ్ళాలి. అక్కడ మిషన్ ఖాళీగా ఉంటే చేస్తారు. లేకపోతే వాచిన కాళ్ళతో, ఆయాసంతో వెనక్కి రావాలి.

కొందరు రెండు చోట్లా పేరు రాయించుకున్నారని ట్రస్టుకు అనుమానం. జాబితాలు కలిపి, అలాంటివాళ్ళను పట్టుకుంటే ఖాళీ అయిన బెడ్లు ఎదురుచూసేవాళ్ళకు ఇవ్వొచ్చు. మంచి ఆలోచనే.

మా కంపెనీ యజమాని మాధవ్ నాకంటే చాలా చిన్నవాడు. నన్ను అక్కా అనేవాడు.

"అక్కా, నాలుగు జాబితాలను రెండు చేసుడు. ఒక్క లైన్ పని. ప్రవళికకియ్యి, సాయంత్రంకల్లా పంపిద్దాం."

మాధవ్ లాంటి బాసులే మీకు ఎక్కువమంది తగులుతారు. మనిషి మంచివాడు. ఎవరికైనా ఇంట్లో బాగాలేదంటే సెలవు అడగకముందే ఇచ్చేవాడు. ఒక్కటే జబ్బు. ఫోన్‌లో అవతలివాళ్ళ గొంతు వినగానే కాని పనిని అయిందని చెప్పేసేవాడు. అలాంటివాళ్ళ దగ్గర పనిచేసేటప్పుడు వాళ్ళతో పోట్లాడకండి. వాళ్ళ నోటికీ పనికీ మధ్యలో నిలబడడం నేర్చుకోండి.

ప్రవళిక మల్కాజిగిరి అమ్మాయి. కొత్తగా చేరింది, చురుకైనది. సాయంత్రంకల్లా నిజంగానే పూర్తి చేసింది. ఎదురుచూసేవాళ్ళ ఉమ్మడి జాబితాను, ఇంకా సరిచూడనిదాన్ని, మాధవ్ సెంటర్లకు పంపేశాడు. నాచారం సెంటర్‌లో ఆ కాగితాన్ని గోడకు అంటించారు.

పేర్లు ఉన్నాయి, వరుస లేదు

మర్నాడు పొద్దున ఒకతను మా మెట్లెక్కి వచ్చాడు. పేరు దావీదు. మల్లాపూర్‌లో ప్లాస్టిక్ సామాను తయారుచేసే వర్క్‌షాపులో పని. పనిబట్టల మీదే వచ్చాడు. అతని భార్య సువార్తకు వంతు కావాలి.

"గీడ పేర్లు కలిపేది ఎవరు?" అన్నాడు.

కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"మొన్నటిదాంక మా ఆమెది ఒకటో నంబరుండె మేడం. ఎవరన్న తప్పుకుంటే ఇగ మీదే అన్నరు. ఇయ్యాల గోడకు కొత్త కాయితం అంటించిన్రు. తొమ్మిదో నంబరని ఉంది. నడుమల గింతమంది యాడికెల్లి దిగిన్రు? ఎవరు సిఫారసు చేసిన్రు?"

"సిఫారసు ఏం లేదన్నా, కంప్యూటర్ చేసింది," అంది ప్రవళిక.

"కంప్యూటర్‌కు ఎవరు చెప్పిన్రు?"

ఆ ప్రశ్నకు ప్రవళిక ముఖం ఎర్రబడింది. నాకు మాత్రం ముచ్చటేసింది. మా ఇంటర్వ్యూల్లో ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు.

చూస్తే విషయం తేలిగ్గానే దొరికింది. ప్రవళిక రెండు జాబితాలనూ ఒక సెట్‌లో పోసింది. సెట్ అంటే ప్రోగ్రాముల్లో ఒక సంచి లాంటిది. అందులో ఒక పేరు రెండోసారి వేస్తే తీసుకోదు. అంతవరకు బాగుంది. అయితే ఎవరు ముందు, ఎవరు వెనక అనేది సెట్‌కు పట్టదు. బయటికి తీసినప్పుడు తన ఇష్టమొచ్చిన వరుసలో ఇస్తుంది.

"ఒక్క పేరు కూడ పోలే మేడం. రెండుసార్లు చెక్ చేసిన," అంది ప్రవళిక.

"పేర్లు పోలేదమ్మా. వాళ్ళు నిలబడ్డ జాగలు పోయినయ్."

పక్కన కూర్చుని ఇద్దరం మళ్ళీ రాశాం. ముందు ఒక ఖాళీ జాబితా పెట్టుకోవాలి. రెండు సెంటర్లలోనూ పేరు రాయించుకున్న తేదీ ఉంది కాబట్టి ఆ తేదీల వరుసలో ఒక్కొక్కరినే తీసుకోవాలి. ఈ మనిషి ఇంతకుముందే వచ్చాడా అని సెట్‌ను అడగాలి. రాకపోతే జాబితా చివర నిలబెట్టి, సెట్‌లో గుర్తు వేసుకోవాలి. వస్తే దాటి వెళ్ళాలి. అంటే సెట్‌ను గేటు దగ్గర కాపలాకు పెట్టాలి గానీ వచ్చినవాళ్ళను అందులో కూర్చోబెట్టకూడదు. ఒక్క లైన్ పని పది లైన్లయింది. సువార్త మళ్ళీ ఒకటో నంబరుకు వచ్చింది. తెర దావీదు వైపు తిప్పి చూపించాను.

"నంబరైతే వచ్చింది," అన్నాడు. "బెడ్ ఎప్పుడొస్తది?"

నాలుగు గడులు కలిసినయ్

సరిగ్గా అప్పుడే మాధవ్ తన గదిలోంచి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. వంతు ఉన్నవాళ్ళ జాబితాలు కలిపితే ఒక్కడు దొరికాడు.

"అక్కా, మల్లేశ్ అనేటాయన రెండు దిక్కుల బెడ్ పట్టుకున్నడు! ఉప్పల్‌ల ఒకటి, నాచారంల ఒకటి." తరువాత దావీదును చూశాడు, విషయం తెలుసుకున్నాడు, వెంటనే అన్నాడు, "ఫికర్ జెయ్యకు అన్నా. మీ ఆమెకు బెడ్ దొరికినట్టే."

అప్పటిదాకా కూర్చోని మనిషి ఆ మాటకు కూర్చున్నాడు. రెండు అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు. బాల్కనీలోకి వెళ్ళి ఫోన్ చేసుకుని వచ్చాడు.

నేను ఆ రెండు వివరాలనూ పక్కపక్కన పెట్టి చూశాను. పేరు ఒకటే. ఇంటిపేరు ఒకటే. పుట్టిన తేదీ ఒకటే. నాచారం పాత ఊళ్ళో ఇంటి నంబరు ఒకటే. ఆధార్ నంబరు ఒక సెంటర్‌లో రాసుకున్నారు, రెండోదాంట్లో ఆ గడి ఖాళీ. ఫోన్ నంబర్లు వేరు, అయితే ఫోన్ నంబరు మార్చనివాళ్ళెవరు? ఒక నంబరు ఎత్తలేదు. రెండోదానికి ఒక ముసలావిడ పలికింది. "మల్లేశా? దవాఖానకు వోయిండు బిడ్డా," అని పెట్టేసింది.

నాకు నచ్చనిది ఆ పుట్టిన తేదీ. జూన్ నెల మొదట్లో ఉంది. ఈ చుట్టుపక్కల పాత ఊళ్ళలో నా వయసువాళ్ళు, నాకంటే చిన్నవాళ్ళు సగంమంది కాగితాల మీద జూన్‌లోనే పుట్టారు. బళ్ళో చేర్చిన రోజు హెడ్మాస్టరు వేలు మడిచి లెక్కపెట్టి ఏదో ఒక తేదీ రాసేవాడు. తల్లి పిల్లవాణ్ణి కన్న రోజు అది కాదు. ఒకేరోజు చేరిన పదిమందికీ అదే రోజు రాసి ఉండొచ్చు.

"మాధవ్, జర ఆగు. ఇల్లు చూసి వస్త."

"నాలుగు గడులు కలిసినయ్ అక్కా. ఇంకేం గావాలె?"

"మనిషి గావాలె."

దావీదు లేచాడు. "గిప్పుడే దొరికిందన్నరు. గిప్పుడే చూసొస్తనంటున్నరు. ఇగ మీరు మీరు మాట్లాడుకోన్రి మేడం, నా పెండ్లానికి ఫోన్ జేసి చెప్పిన నేను." కోపం గొంతులో ఉంది. జేబులోంచి బండి తాళం తీసి, "పాండ్రి, బండి ఉంది. గా మల్లేశ్ ఎట్లుంటడో నేను గూడ చూస్త," అన్నాడు.

ఏ మల్లేశ్?

నాచారం పాత ఊరు మెయిన్ రోడ్డు మీదినుంచి కనబడదు. ఒక గల్లీలోకి, అక్కణ్ణుంచి ఇంకో గల్లీలోకి తిరగాలి. ఒకప్పుడు ఈ ఇళ్ళవాళ్ళ పొలాలున్న చోటే ఇప్పుడు మా కార్ఖానాలున్నాయి. ఇల్లు దొరికింది. నడుమ గోడ పెట్టి రెండు వాటాలు చేశారు. గేటు ఒకటే, నంబరు ఒకటే. గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఒక అవ్వ కూర్చుంది.

"మల్లేశ్ ఉన్నడా అవ్వా?" అన్నాడు దావీదు.

"ఏ మల్లేశ్?"

దావీదు నా వైపు చూశాడు.

"ఎంతమంది ఉన్రు అవ్వా?" అన్నాను.

"ఇద్దరే. పెద్ద మల్లేశ్, సిన్న మల్లేశ్. మా ఇంటాయన మల్లయ్య. పెద్దకొడుక్కు పుట్టినోనికి తాత పేరు వెట్టిన్రు. మల్ల సిన్నకోడలు ఊకుంటదా? మామ పేరు వాల్లకే రాసిచ్చిన్రా, నా కొడుక్కెందుకు వెట్టద్దు అని పంచాది వెట్టుకొని మరీ వెట్టింది."

మా మాటలకు లోపల్నుంచి ఒకతను వచ్చాడు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళ చేతికి మణికట్టు పైన నరం తాడులా లేచి ఉంటుంది. అతని ఎడమ చేతికి ఉంది.

"నేను సిన్న మల్లేశ్‌ను మేడం. నాచారంల చేయించుకుంట."

"పెద్ద మల్లేశ్ మీకు అన్న అవుతాడా?"

"వాడు అన్ననా?" నవ్వాడు. "వానికంటె ఆర్నెల్లు పెద్ద నేను, పేరే వాని తర్వాత వెట్టిన్రు. వాల్ల నాయిన పెద్దోడని వాన్ని పెద్ద మల్లేశ్ అంటరు. నన్ను ఎన్నేండ్లయినా సిన్నోన్నే అంటరు. బడిల ఇద్దర్నీ ఒక్కనాడు ఏసిన్రు, సార్ ఒక్కటే తారీకు రాసిండు. అప్పటిసంది కాయితాలల్ల ఇద్దరం ఒక్కనాడే పుట్టినం."

"జబ్బు కూడా ఇద్దరికీ..."

"మా తాతకు గదే, మా నాయినలకు గదే. జాగ పంచుకున్నం, ఇల్లు పంచుకున్నం. గిది మాత్రం పంచకుండనే ఇద్దరికీ వచ్చింది."

గల్లీలో ఆటో ఆగింది. లోపల ఒక మనిషి తల వెనక్కి వాల్చి కూర్చున్నాడు. చేతికి దూది, దాని మీద టేపు. ఉప్పల్ నుంచి అప్పుడే మిషన్ దిగి వస్తున్నాడు. చిన్న మల్లేశ్ కదిలేలోపే దావీదు వెళ్ళి అతని రెక్క పట్టుకున్నాడు. మెల్లగా దింపి, గేటు దాటించి, అవ్వ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ చేతిని ఎలా పట్టుకోవాలో, ఎక్కడ ముట్టుకోకూడదో అతనికి తెలుసు. ఇంట్లో రోజూ చేసే పనే.

నేను వచ్చిన పని చెప్పాను.

"అంటే మా ఇద్దర్ల ఒకన్ని కొట్టేస్తుంటిరా?" అన్నాడు చిన్న మల్లేశ్. "ఎవన్ని?"

"జాబితాలో తర్వాత వచ్చినవాణ్ణి."

"అయితే వీన్నే. ఎప్పుడైనా లేటే."

పెద్ద మల్లేశ్ కళ్ళు మూసుకునే నవ్వాడు. అవ్వ నవ్వలేదు. ఇద్దరి మోకాళ్ళ మీదా చేయి వేసి కూర్చుంది.

దావీదు బండి స్టార్ట్ చేశాడు, మళ్ళీ ఆపాడు. "ఇద్దరున్రు మేడం," అన్నాడు. "కొట్టెయ్యకున్రి."

ఆ ఇద్దరూ ఒకరైతే అతని భార్యకు ఆ రోజే బెడ్. అది తెలిసి అన్న మాట. నా ఉద్యోగంలో నాకు దక్కిన మెచ్చుకోళ్ళన్నీ కలిపినా ఆ మాటకు సరిపోవు. అది నా పనికి సాక్ష్యం.

కార్డు పేరు, చర్చి పేరు

దారిలో చాయ్ కోసం ఆగాం. దావీదు గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు.

"ఇగ ఆమెకు ఏం జెప్పాలె మేడం? దొరికిందని చెప్పిన. పక్కింటామెకు గూడ చెప్పుకొనుంటది."

అబద్ధపు ధైర్యం చెప్పడం మాధవ్ పని, నాది కాదు. ఊరికే ఉండలేక, ఆమె వివరాలైనా తప్పు లేకుండా ఉన్నాయేమో చూద్దామని అడిగాను.

"సువార్త అనే ఉందా ఆమె ఆధార్‌లో?"

"లేదు మేడం. కార్డుల సుగుణ. బాప్తిస్మం తీసుకున్నంక సర్చిల సువార్త అన్నరు. నేను గూడ కార్డుల దశరథను. మా దిక్కు శానమందికి రెండుంటయ్. బ్యాంకుల ఒకటి, సర్చిల ఒకటి."

"సెంటర్‌లో ఏది చెప్పారు?"

"నాచారంల పేరు రాసుకునే అక్క మా సర్చి ఆమెనే. సువార్త అని తనే రాసుకున్నది. వేరే దిక్కయితే కార్డు చూసి సుగుణ అని రాసుకుంటరు. ఎవరు ఎట్ల అడిగితే గట్ల."

గ్లాసు కింద పెట్టేశాను. అప్పటిదాకా మేము ఒకేలా కనబడేవాళ్ళ కోసమే వెతికాం. అలా వెతికితే ఒకే పేరున్న ఇద్దరు దొరికారు. రెండు పేర్లున్న ఒకరి కోసం ఎవరూ వెతకలేదు. ఉప్పల్‌లో కార్డు చూసి రాస్తారు, నాచారంలో పిలిచే పేరు రాస్తారు. అలాంటి మనిషి ఎవరైనా రెండు చోట్లా ఉంటే మా ప్రోగ్రాముకు ఇద్దరిలాగే కనబడతాడు.

ఆఫీసుకు వచ్చి ప్రవళికతో చెప్పాను. పేర్లు పక్కన పెట్టి, ఫోన్ నంబర్లతో పోల్చి చూడమన్నాను. కొన్ని జతలు వచ్చాయి. ఎక్కువ తల్లీకొడుకులు, ఒకే ఫోన్ ఇచ్చిన ఇరుగుపొరుగువాళ్ళు. వాళ్ళ వయసులు కలవలేదు. ఒక జత దగ్గర ప్రవళిక ఆగింది. ఉప్పల్‌లో యాదయ్య, నాచారంలో యాకోబు. ఫోన్ ఒకటే, వయసు ఒకటే.

"దొరికిండు మేడం!" అంది. తరువాత తనే, "లేదు లేదు. మనిషిని చూసినంక చెప్త," అంది.

ఆ అమ్మాయి మంచి ప్రోగ్రామర్ అవుతుందని నాకు ఆ క్షణాన తెలిసింది.

మాధవ్‌కు చెప్పలేదు. దావీదుకూ చెప్పలేదు. ఒకే మనిషికి ఒకే వారంలో రెండుసార్లు ఆశపెట్టకూడదు.

యాకోబు అడిగిన ప్రశ్న

మర్నాడు నాచారం సెంటర్‌కు ప్రవళిక, నేను వెళ్ళాం. యాకోబు మిషన్ మీద ఉన్నాడు. బక్కపల్చని మనిషి, తలగడ పక్కన చిన్న రేడియో పెట్టుకున్నాడు.

"మీకు ఇంకో పేరు ఉందా అన్నా?" అని ప్రవళిక అడిగింది.

"ఉంది. యాదయ్య."

దాచడానికి ఏ ప్రయత్నమూ చేయలేదు. ఇంతకాలం అడిగినవాళ్ళు లేరు, అంతే. మొదట ఉప్పల్‌లో వంతు దొరికింది. కొన్నాళ్ళకు అక్కడి మిషన్ పాడైంది. బాగుచేసేదాకా ఎక్కడికి పోవాలో తెలియక చర్చివాళ్ళ ద్వారా నాచారంలో చేరాడు. ఇల్లు దగ్గర, ఇక్కడే ఉండిపోయాడు. ఉప్పల్ వంతు వదల్లేదు. అక్కడ ప్రతిసారీ యాదయ్య కోసం కాసేపు చూసి, రాకపోతే ఆ పూట ఎవరొస్తే వాళ్ళకు బెడ్ ఇస్తున్నారు. అంటే ఆ బెడ్ ఎవరిదీ కాకుండా ఉంది.

"దొంగతనం చెయ్యలే మేడం," అన్నాడు. "రెండు దిక్కుల పేరుంటె ధైర్యం. మీరు ఒకటి తీసెయ్యిన్రి, వద్దన. గీ మిషిన్ ఖరాబైతె మల్ల నేనేడికి పోవాలె? అప్పటి లెక్క వాకిట్ల కూసోవాల్నా?"

న్యాయమైన ప్రశ్న. జాబితాలు కలిపేవాళ్ళం పేరు తీసేయడం గురించే ఆలోచిస్తాం. ఆ మనిషి రెండుసార్లు ఎందుకు రాయించుకున్నాడో ఆలోచించం. అతనికి నిజమే చెప్పాను. ఇకమీదట రెండు సెంటర్లకూ జాబితా ఒక్కటే. ఇక్కడ మిషన్ పాడైతే ఉప్పల్ వాళ్ళకు అతని పేరు, రోజు, వేళ తెర మీద కనబడతాయి. వాళ్ళే పిలుస్తారు. ఆ సంగతి సెంటర్ ఇన్‌చార్జి చేత కూడా అతని ముందే చెప్పించాను.

యాకోబు రేడియో కట్టేశాడు.

"అయితే ఉప్పల్‌ది ఎవరికన్న ఇయ్యిన్రి," అన్నాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

ఆ పని తర్వాత నేను కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. కలిపేటప్పుడు మూడు కుప్పలు చేయండి. ఖచ్చితంగా ఒకరే అన్నవి, ఖచ్చితంగా వేరు అన్నవి, తెలియదు అన్నవి. మొదటి రెండూ ప్రోగ్రాముకు వదలండి. మూడో కుప్పను మనిషి చూడాలి, మనుషులను అడిగి చూడాలి. ఈ కుప్ప చిన్నదిగా ఉందని గర్వపడకండి. మరీ చిన్నదిగా ఉంటే మీరు ఎక్కడో తొందరపడ్డారని అర్థం.

దేన్నీ చెరిపేయకండి. ఫలానాది ఫలానాదే అని గుర్తు పెట్టి, రెండూ ఉంచండి. తప్పు తెలిస్తే ఆ గుర్తు తీస్తే చాలు. మాధవ్ దీనికి మొదట ఒప్పుకోలేదు. జాబితా బరువెక్కుతుందన్నాడు. చిన్న మల్లేశ్, పెద్ద మల్లేశ్ కథ చెప్తే ఒప్పుకున్నాడు. తరువాత కొత్త గిరాకీ వచ్చినప్పుడల్లా ఆ కథను తన కథలాగే చెప్పేవాడు. చెప్పనిచ్చాను.

ఇంకొకటి. మీరు పనిచేసే ఊరిని తెలుసుకోండి. పేర్లు ఎలా పెడతారు, ఎవరి ఫోన్ ఎవరికిస్తారు, పుట్టిన తేదీ ఎవరు రాస్తారు అన్నది ఏ కోర్సులోనూ చెప్పరు. నేను ప్రోగ్రామింగ్‌లో గొప్పదాన్ని కాదు, నాకంటే వేగంగా రాసేవాళ్ళు మా ఆఫీసులోనే ఉండేవారు. అయినా నేను కలిపిన జాబితాల్లోంచి మనిషి జారిపోలేదు. ఈ మాట చెప్పుకోగలిగినందుకు నాకు గర్వంగానే ఉంది.

ఆ సెంటర్ల జాబితాలో ప్రవళిక ఒక కొత్త గడి చేర్చింది. "ఇంకో పేరు" అని. అది నింపకుండా ముందుకు పోనివ్వదు. లేకపోతే లేదు అని రాయాలి. ఇప్పుడు ఆమె కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పుతోంది.

ఉప్పల్‌లో బెడ్ ఖరారయ్యాక దావీదుకు సెంటర్‌వాళ్ళే ఫోన్ చేశారు. నేను చేయలేదు. మొదటి వంతు రోజు మధ్యాహ్నం అతనే నాకు ఫోన్ చేశాడు. వెనక మిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

"ఎక్కింది మేడం. పండుకుంది."

"పేరు పిలిచినప్పుడు ఇబ్బందేం కాలేదు గదా?"

"సిస్టరమ్మ కాయితం చూసి సుగుణ అని పిలిచింది. మా ఆమె లేచి, ఉన్న అని చెప్పి కూసున్నది. మల్ల పక్క గడి చూసి సువార్త అని పిలిచింది. అప్పుడే కూసున్నామె మల్ల లేచింది. సిస్టరమ్మ నవ్వి, ఒక్కసారి లేస్తే సాలమ్మా, బెడ్ నీదే అన్నది."